స్విచ్ ఆపితే లైటు వెలుగుతోంది, వేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది. రేపు పెళ్ళిచూపులు, కాస్త సాయం చెయ్యండి

అంబాజీపేట అబ్బాయి · శనివారం, మధ్యాహ్నం 3:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం టెన్షన్‌లో ఉన్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. తాతగారు 1974లో కట్టించిన డాబా ఇల్లు. చుట్టూ కొబ్బరి చెట్లు, వాకిట్లో పెద్ద పనస. హాల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. రేపు నాలుగింటికి చెల్లిని చూసుకోడానికి కాకినాడ నుంచి వస్తున్నారు. హాలు మధ్యలో పాత సీలింగ్ రోజ్ (వైర్లు కలిసే గుండ్రటి మూత డబ్బా), దాన్నుంచి వేలాడే హోల్డరు, అందులో గుడ్డిగా వెలిగే సీఎఫ్ఎల్. "వాళ్ళొచ్చేలోగా అది తీసి ఏదైనా మంచిది పెట్టరా" అంది అమ్మ. స్లాబుకి అంటుకుని ఉండే గుండ్రటి ఎల్ఈడీ, 22 వాట్లది, అమలాపురంలో 700కి తెచ్చాను.

పొద్దున మెయిన్ ఆపి పని మొదలెట్టాను. అమ్మ పక్క గదిలో ఫ్యాను కింద కూర్చుని మినప్పప్పు బాగు చేసుకుంటూ "జాగ్రత్తరా, జాగ్రత్తరా" అంటూనే ఉంది. స్టూలెక్కి రోజ్ మూత తిప్పితే లోపల ఆరు వైర్లు! మూడు ఎరుపు, మూడు నలుపు. నేను రెండే ఉంటాయనుకున్నాను. కొత్త లైటుకి ఉన్నవీ రెండే. ఫొటో కూడా తియ్యకుండా అన్నీ ఊడదీసేశాను. తిట్టండి, పడతాను. ఎరుపులన్నీ కలిపి లైటు వైరు ఒకదానికి, నలుపులన్నీ కలిపి రెండోదానికి చుట్టి టేపు వేశాను.

మెయిన్ వేయగానే లైటు దివ్యంగా వెలిగింది. ఆ సంబరంలో ఉండగా చూస్తే స్విచ్ ఆపే ఉంది! తిరగబడిందేమోలే అని స్విచ్ వేశాను. టప్‌మని ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోయింది. ఇన్వర్టరు పీపీమని అరిచి అదీ ఆగిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. లైటు పాడా? స్విచ్ పాడా?

పట్నం పక్షి · 3:22

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే అరగంటలో అయిపోయే పని. హైదరాబాదులో ఫోన్లో నొక్కితే మనిషి ఇంటికి వస్తాడు. 300కి చూసుకుని స్టూలెక్కడం ఎందుకండీ.

అంబాజీపేట అబ్బాయి · 3:27

పిలవకపోవడమేంటండీ. మా ఊరికి ఉన్నది ఇద్దరు. ఒకాయన మాల వేసుకుని యాత్రకి వెళ్ళాడు. రెండో ఆయన ఎవరిదో రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్ మోటార్లు కాలిపోయాయని పొద్దున పోయాడు, ఫోనెత్తడం లేదు.

రొయ్యల రాజు, భీమవరం · 3:34

ఆయన్ని ఏమీ అనకండి. రాత్రి ఏరేటర్లు తిరక్కపోతే తెల్లారుజాము లోపు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య తేలిపోతుంది. మీ లైటు రేపటికి ఆగుతుంది, అది ఆగదు. నా దగ్గరా ఇలాగే ఒకడు ఉన్నాడు, పెళ్ళి భోజనంలోంచి లేపుకొచ్చాను.

డిప్లొమా కుర్రోడు · 3:41

అబ్బాయి గారూ, లైటూ బాగానే ఉంది, స్విచ్చూ బాగానే ఉంది. మీరు కలిపిన మూడు నలుపుల్లో ఒకటి న్యూట్రల్ (కరెంటు వెనక్కి పోయే వైరు) కాదు. అది స్విచ్ నుంచి తిరిగొచ్చే వైరు.

ఇప్పుడు మీ లైటు ఒక పక్క నేరుగా ఫేజుకి (కరెంటు తెచ్చే వైరుకి), రెండో పక్క నేరుగా న్యూట్రల్‌కి తగిలి ఉంది. మధ్యలో స్విచ్ లేదు కాబట్టి ఎప్పుడూ వెలుగుతుంది. స్విచ్ ఏమో ఒక పక్క ఎరుపుకి, ఇంకో పక్క ఆ మూడో నలుపుకి ఉంది. దాన్ని మీరు న్యూట్రల్‌తో కట్టేశారు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఫేజునీ న్యూట్రల్‌నీ మీ వేలితో మీరే షార్ట్ చేస్తున్నారన్నమాట. ఎంసీబీ పడిపోవడం దాని మంచితనం. నాలుగోసారి మాత్రం వెయ్యకండి.

పాలకొల్లు వైర్‌మన్ · 4:05

కుర్రోడు సరిగ్గా చెప్పాడు. నలభై ఏళ్ళు ఈ పని చేసి మానేసినవాణ్ణి, ఆ ఆరు వైర్ల కథ చెబుతాను.

ఇప్పుడు మనం గోడల్లో పైపులేసి, లూపింగు, అంటే ఒక లైటు నుంచి ఇంకో లైటుకి కరెంటు అందేలా వైర్లు కలపడం, అంతా స్విచ్ బోర్డులో చేస్తాం. లైటు దగ్గరికి రెండే వైర్లు వెళతాయి. మీ ఇంట్లో టేకు పట్టీల మీద రేకు క్లిప్పులతో బిగించిన జంట వైరు ఉండి ఉంటుంది, ఒక్క తొడుగులో ఎరుపూ నలుపూ పక్కపక్కన. ఆ రోజుల్లో కొందరు మేస్త్రీలు లూపింగు సీలింగ్ రోజ్‌లోనే చేసేవారు. ఒక జంట బోర్డు నుంచి కరెంటు తెస్తుంది. ఒక జంట అక్కణ్ణుంచి తరవాతి లైటుకి, మీకు బహుశా వసారా లైటుకి, తీసుకుపోతుంది. మూడో జంట కిందకి దిగి స్విచ్‌కి వెళుతుంది. స్విచ్‌కి వెళ్ళేది ఎరుపు, తిరిగొచ్చేది నలుపు. జంట వైర్లో వేరే రంగు ఎక్కణ్ణుంచి తెస్తాడు? బుద్ధిమంతుడైతే ఆ నల్లదానికి ఎర్ర టేపు చుట్టేవాడు. మీ మేస్త్రీ చుట్టలేదు, లేదా యాభై ఏళ్ళలో ఊడిపోయింది.

కాబట్టి ఉండాల్సింది ఇలా. ఎరుపులు మూడూ కలిపి ఒక కనెక్టర్లో వేసి పక్కన పెట్టెయ్యాలి. వాటికి లైటుతో సంబంధం లేదు. నలుపుల్లో రెండు కలిపి లైటు న్యూట్రల్‌కి. స్విచ్ నుంచి వచ్చిన ఒంటరి నలుపు లైటు ఫేజుకి. అంతే. ఆ నలుపు ఏదో కనిపెట్టడమే పని.

లక్ష్మి టీచర్, తణుకు · 4:18

నాది ఎలక్ట్రికల్ కాదు, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఒక్కటి అడుగుతాను బాబూ. మెయిన్ ఆపి పని చేశానన్నావు. అదే సమయంలో అమ్మగారు పక్క గదిలో ఫ్యాను కింద కూర్చుని పప్పు బాగు చేసుకుంటున్నారనీ రాశావు.

మెయిన్ ఆపేస్తే ఆ ఫ్యాను ఎలా తిరిగింది?

డిప్లొమా కుర్రోడు · 4:20

అమ్మో. నేనది చూడనేలేదు.

అంబాజీపేట అబ్బాయి · 4:31

మేడమ్, మీరు అడిగాక పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను.

ఫ్యాను ఇన్వర్టరు మీద తిరుగుతోంది. హాలు లైటూ ఇన్వర్టరు లైనే. మెయిన్ ఆపితే అంతా ఆగినట్టే అనుకున్నాను. ఇంకో సంగతి మొదట రాయలేదు. ఎరుపులు విప్పేటప్పుడు ఒకసారి మోచేతిదాకా జివ్వుమంది. పాత వైరు కదా, మిగిలిపోయిన కరెంటేమో అనుకుని పని కానిచ్చేశాను. అమ్మకి చెప్పలేదు.

పాలకొల్లు వైర్‌మన్ · 4:50

మిగిలిపోయిన కరెంటు అనేది ఉండదయ్యా వైర్లో! అదేమన్నా గిన్నెలో మిగిలిన చారా?

నువ్వు మెయిన్ ఆపగానే ఇన్వర్టరు ఊళ్ళో కరెంటు పోయిందనుకుంది. దాని ధర్మం అది చేసింది. బ్యాటరీ నుంచి 230 వోల్టులు తీసి నీ చేతిలో పెట్టింది. బ్యాటరీ 12 వోల్టులే కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. బ్యాటరీ దగ్గర 12, బయటికొచ్చేది మెయిన్‌తో సమానం. పొడి చెక్క స్టూలు మీద ఉన్నావు, రెండో చెయ్యి దేనికీ తగల్లేదు. అది ఇనప స్టూలై, కింద తడి గచ్చైతే ఈ ప్రశ్న అడగడానికి నువ్వుండేవాడివి కాదు. కోప్పడుతున్నాననుకోకు. మా జట్టులో కుర్రాడు ఒకడు సరిగ్గా ఇలాగే, జనరేటరు ఉన్న ఇంట్లో పోయాడు.

ఇక్కణ్ణుంచి ఇలా చెయ్యి. ముందు ఇన్వర్టరు బటన్ ఆపు. తరవాత మెయిన్ ఆపు. రెండూ ఆపాలి, ఎందుకంటే బటన్ ఒక్కటే ఆపితే చాలా ఇన్వర్టర్లలో ఊరి కరెంటు అలాగే లోపల్నుంచి దాటిపోతూ ఉంటుంది. మెయిన్ ఒక్కటే ఆపితే ఏమవుతుందో చూశావు. రెండూ ఆపాక ఇల్లంతా తిరిగి ప్రతి ఫ్యానూ లైటూ వేసి చూడు, ఏదీ కదలకూడదు. అప్పుడు టెస్టరు. ఆ టెస్టరు బతికుందో లేదో ముందే, కరెంటు ఉండగానే, ఒక ప్లగ్గులో పెట్టి చూసుకో. చచ్చిన టెస్టరు కూడా వెలగదు. దాన్ని నమ్ముకుని వైరు ముట్టుకున్నవాళ్ళున్నారు.

పట్నం పక్షి · 5:02

అందుకేనండీ ఎలక్ట్రీషియన్‌ని పిలవమన్నది.

రొయ్యల రాజు, భీమవరం · 5:06

పిలిచినవాడూ ఇన్వర్టరు సంగతి అడక్కుండా ఎక్కేస్తాడండీ. మా ఇంట్లో అదే జరిగింది. పైనుంచి కటింగ్ ప్లేయర్ నా కాలి మీద పడింది. గోరు మళ్ళీ మొలవడానికి ఆర్నెల్లు పట్టింది.

పాలకొల్లు వైర్‌మన్ · 5:15

స్విచ్ నలుపు కనిపెట్టడానికి మా పాత పద్ధతి సులువు. ఎరుపులు మూడూ కలిపే ఉంచి, నలుపులు మాత్రం దేనికది విడదీసి, కరెంటు వేసి, స్విచ్ వేసి ఒక్కో నలుపు మీదా టెస్టరు పెట్టడం. వెలిగిందే స్విచ్‌ది. ఆపితే ఆరిపోవాలి.

డిప్లొమా కుర్రోడు · 5:21

గురువు గారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ పద్ధతి మీలాంటి చేతికి సరిపోతుంది. ఇప్పటికే ఒకసారి జివ్వుమనిపించుకున్న మనిషిని స్టూలెక్కించి, విప్పిన ఆరు వైర్ల మధ్య కరెంటు వెయ్యమనడం నాకు నచ్చలేదు. పైగా స్విచ్ నుంచి విడిపోయి గాల్లో ఉన్న వైరు పక్క వైరు ప్రభావానికే టెస్టర్ని మసకగా వెలిగిస్తుంది. ఆ మసక చూసి కొత్తవాడు పొరబడతాడు. మల్టీమీటరుతో, కరెంటు లేకుండానే తేల్చవచ్చు.

పాలకొల్లు వైర్‌మన్ · 5:24

ఒప్పుకున్నాను. నా రోజుల్లో మీటరు సైటు ఇంజనీరు దగ్గరే ఉండేది, మాకిచ్చేవారు కాదు. నువ్వే చెప్పు.

డిప్లొమా కుర్రోడు · 5:38

అబ్బాయి గారూ, మొబైల్ రిపేరు షాపులో ఎవర్నడిగినా మల్టీమీటరు ఉంటుంది. కూత పెట్టే గుర్తు మీదకి తిప్పండి. మీటరు వైర్ల చివరి రెండు ముళ్ళూ ఒకదానికొకటి ఆనిస్తే కూయాలి.

ఇన్వర్టరు ఆపి, మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, ఆరు వైర్లూ విడదీయండి. ఏ ఎరుపూ ఏ నలుపూ ఒకే తొడుగులోంచి వస్తున్నాయో చూసి జంటలుగా పెట్టుకోండి. కింద చెల్లెలుగారినో ఎవరినో స్విచ్ దగ్గర నిలబెట్టండి. ఒక్కో జంటకీ ఎరుపు మీద ఒక ముల్లు, నలుపు మీద ఒక ముల్లు పెట్టి, స్విచ్ వెయ్యమనండి, ఆపమనండి. స్విచ్‌తో పాటు కూత వచ్చి పోయే జంటే మీక్కావలసింది.

ఒక్క హెచ్చరిక. మిగతా జంటలు కూడా కూయవచ్చు, ఆ లైన్లో ఎక్కడో ఏదో తగిలి ఉంటే. కూసిందని కాదు, స్విచ్‌కి తగ్గట్టు మారుతోందా లేదా అన్నదే చూడాలి. దొరికిన నల్లదానికి వెంటనే ఎర్ర టేపు చుట్టండి. యాభై ఏళ్ళ తరవాత ఎవరో మీకు దణ్ణం పెట్టుకుంటారు.

రాజోలు సుబ్బు · 6:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా పడగ్గదిలో ఎల్ఈడీ బల్బు స్విచ్ ఆపాక కూడా రాత్రంతా మిణుగురు పురుగులా వెలుగుతోంది. మా ఆవిడ దెయ్యం అంటోంది. మూడు బల్బులు మార్చాను. ఇదీ వైర్ల గొడవేనా?

డిప్లొమా కుర్రోడు · 6:19

మీ స్విచ్ బోర్డు మీద చీకట్లో ఎర్రగా మెరిసే చిన్న దీపం ఉన్న స్విచ్ అయితే దాని పనే. ఆ దీపం గుండా పోయే పిసరంత కరెంటు చాలు, ఎల్ఈడీ మిణుకుమనడానికి. పాత బల్బులకి అది ఆనేది కాదు. అలాంటి స్విచ్ కాకపోతే, మీ స్విచ్ ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో ఉండి ఉంటుంది. అది మాత్రం చూపించుకోండి. స్విచ్ ఆపినా హోల్డరు దాకా ఫేజు వచ్చి కూర్చుని ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు ఆపేశాం కదా అని పిన్నుల మీద చెయ్యి పడితే అంతే సంగతులు.

రాజోలు సుబ్బు · 6:44

టెస్టరు పెట్టాను. స్విచ్ ఆపి ఉండగా హోల్డర్లో ఒక పిన్ను వెలిగింది! మూడు బల్బులూ ఆ హోల్డర్లో నా చేత్తోనే మార్చాను. మా ఆవిడకి చెబితే "దెయ్యమే నయం" అంది.

లక్ష్మి టీచర్, తణుకు · 6:52

సుబ్బుగారూ, మేస్త్రీ వచ్చి బోర్డులో సరిచేసేదాకా ఆ గదికి వెలుతురు లేకపోయినా పర్లేదు, హోల్డరు జోలికి వెళ్ళకండి. పిల్లలుంటే మరీను.

అంబాజీపేట అబ్బాయి · రాత్రి 9:15

దొరికింది!

మా పెదనాన్నగారి అబ్బాయి మొబైల్ షాపు నుంచి మీటరు తెచ్చాడు. ఇన్వర్టరు, మెయిన్ రెండూ ఆపాం. వీధి తలుపు తీసి పక్కింటి లైటు వెలుతురులో, తలకి ఛార్జింగ్ లైటు కట్టుకుని పని. చెల్లి స్విచ్ దగ్గర. మొదటి జంట కుయ్యిమని అరుస్తూనే ఉంది, స్విచ్‌తో సంబంధం లేకుండా. మీరు ముందే చెప్పకపోతే అదేననుకునేవాణ్ణి. రెండోది మౌనవ్రతం. మూడోది చెల్లి స్విచ్ వేస్తే కూసింది, ఆపితే ఆగింది. పదిసార్లు చేయించాను. "అన్నయ్యా, రేపు వాళ్ళ ముందు నా వేలికి బొబ్బలుంటాయి" అంది.

వైర్లు చూస్తే మాత్రం భయమేసింది. రోజ్ దగ్గర అరంగుళం మేర పైతొడుగు వేలితో తాకితే అప్పడంలా పొడైపోతోంది, లోపల రాగి కనిపిస్తోంది. రోజ్ కింద గుండ్రటి చెక్క బ్లాకు వెనకాలేమో కందిరీగ కట్టిన మట్టి గూడు.

ఇంకో చిక్కు. కొత్త లైటు పళ్ళెంలా పల్చగా ఉంది. వెనకాల మూడు ఎరుపుల కనెక్టరు పట్టే చోటే లేదు. ఏం చెయ్యను?

పాలకొల్లు వైర్‌మన్ · 9:32

పొడైపోయేది రబ్బరు తొడుగు. యాభై ఏళ్ళు బల్బు వేడి తిని అలా అయింది. రోజ్ దగ్గరే అలా ఉంటుంది, నాలుగంగుళాలు వెనక్కి వెళితే కాస్త మెత్తగా ఉంటుంది. దాన్ని వంచకు, లాగకు. కుళ్ళిన ముక్క కత్తిరించి, మంచి చోట కనెక్టరు పెట్టి, మిగిలినచోట సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడుగు. ఉత్త టేపు మన గాలికి నాలుగు వానాకాలాలు పోతే జిగురు కారి ఊడిపోతుంది. ఇది రేపటికి సర్దుబాటు. పండగ వెళ్ళాక ఆ ఇంటికి వైరింగు మొత్తం మార్పించు. ఒక్క లైటు దగ్గర ఇలా ఉంటే మిగతావాటి దగ్గర బాగుంటుందా?

చోటుకి ఉపాయం ఉంది. ప్లాస్టిక్ గుండ్రటి జంక్షన్ బాక్సు, లోతైనది, స్లాబుకి బిగించి, వైర్లు కలిపిన మూడు జాయింట్లూ దాన్లో పెట్టెయ్యి. దాని మీద లైటు. లైటు అంచు దాన్ని కప్పేస్తుంది. కొలత చూసుకుని కొను.

స్లాబుకి బెజ్జం వేసేటప్పుడు మెయిన్ ఆపి ఉంటుంది కాబట్టి డ్రిల్లుకి పక్కింటి నుంచి వైరు లాక్కో. ఆరు నంబరు రాయి బిట్టు, దానికి సరిపడా రావల్ ప్లగ్గులు (స్క్రూ పట్టుకోడానికి బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్‌వి). బిట్టు టంగుమని ఆగితే స్లాబులో ఇనప ఊచ తగిలిందని అర్థం, మొండికెయ్యకు, అంగుళం పక్కకి జరుగు. కంటికి అద్దాలు పెట్టుకో. మీ కోనసీమ చిట్కా నీకు నేను చెప్పాలా? సగం కొబ్బరి చిప్పకి మధ్యలో కన్నం చేసి బిట్టుకి తొడుగు. దుమ్మంతా చిప్పలో పడుతుంది, నీ మొహాన పడదు. స్క్రూలు ఇత్తడివో స్టీలువో తీసుకో, మామూలు ఇనపవి మన తేమకి రెండేళ్ళలో తల అరిగి తిరగవు.

లక్ష్మి టీచర్, తణుకు · 9:47

లైటు పైభాగం ప్లాస్టిక్కా, లోహమా? లోహమైతే ఎర్తు కావాలి కదా. ఆ జంట వైర్లో ఎర్తు ఎక్కడుంది?

డిప్లొమా కుర్రోడు · 9:55

మంచి ప్రశ్న. ఆ కాలం పట్టీ వైరింగులో లైటు దగ్గరికి ఎర్తు రాదు. అబ్బాయి గారూ, లైటు వెనక స్టిక్కరు మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే దానికి ఎర్తు అక్కర్లేదు, రెండు పొరల రక్షణ ఉన్నట్టు. ఎర్తు గుర్తో, ఆకుపచ్చ వైరో ఉంటే దాన్ని కత్తిరించి పారెయ్యకండి, ఆ లైటు వెనక్కిచ్చి ప్లాస్టిక్‌ది తెచ్చుకోండి. ఇత్తడి వేలాడే దీపాల మీద మోజు పడేవాళ్ళకి కూడా ఇదే మాట. వైరింగు మార్పించేటప్పుడు లైట్లకి కూడా ఎర్తు లాగించుకోండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (మనిషికి షాక్ కొడితే కనిపెట్టి వెంటనే లైను ఆపేసేది) పెట్టించుకోండి. ఇన్వర్టరు ఉంది కాబట్టి అది ఏ లైన్లో ఎక్కడ రావాలన్నది వచ్చిన మనిషితో విడిగా మాట్లాడండి. ఇన్వర్టరు న్యూట్రలూ మెయిన్ న్యూట్రలూ అడ్డదిడ్డంగా కలిసి ఉంటే అది ఊరికే పడిపోతుంటుంది, విసుగొచ్చి జనం తీసేస్తారు.

అంబాజీపేట అబ్బాయి · 10:03

చదరంలో చదరం ఉంది. బతికాను. ఇంకో చిన్న మాట. ఇది మూడు రంగుల లైటట, తెలుపు, పసుపు, మధ్యస్థం. స్విచ్ ఆపి వెంటనే వేస్తే రంగు మారుతుంది. ఏది ఉంచాలి?

రొయ్యల రాజు, భీమవరం · 10:11

ఈ కార్తీకంలో తెల్లది వేసి తలుపులు తీశావో, సార్వా చేలల్లో ఉన్న పచ్చ దీపపు పురుగులన్నీ పెళ్ళివారి కంటే ముందే వస్తాయి. తెల్లటి వెలుగుకి వచ్చినంతగా పసుపుకి రావు. మా చెరువు గట్టు మీద షెడ్డులో పసుపు లైటే వేశాను.

లక్ష్మి టీచర్, తణుకు · 10:16

పురుగుల సంగతి అలా ఉంచితే, 6500 కెల్విన్ తెలుపులో అందరి మొహాలూ ఆసుపత్రిలో ఉన్నట్టుంటాయి. పెళ్ళిచూపులకి అది వద్దు. మధ్యది పెట్టు.

అంబాజీపేట అబ్బాయి · ఆదివారం, ఉదయం 11:50

పూర్తయింది. పొద్దున్నే అంబాజీపేటలో కొట్టు తెరిపించి బాక్సు, కనెక్టర్లు, గొట్టం తెచ్చాను. కొబ్బరి చిప్ప భలే పనిచేసింది, గుప్పెడు సున్నం, సిమెంటు పిండి పట్టింది. మొదటి బెజ్జానికే ఊచ తగిలింది, జరిగాను. స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది, ఆపితే ఆరుతోంది! ఇంత మామూలు విషయానికి ఇంత ఆనందపడతానని అనుకోలేదు. వసారా లైటు కూడా వచ్చింది. నిన్నంతా అది వెలుగుతోందో లేదో ఎవరూ చూడనేలేదు.

జివ్వుమన్న సంగతి అమ్మకి చెప్పాను. మాట్లాడకుండా లోపలికెళ్ళి, క్యాలెండరు కాగితం వెనక "ఇది ఆపితే అదీ ఆపాలి" అని స్కెచ్ పెన్నుతో రాసి మెయిన్ బోర్డు మీద అతికించింది. ఏది ఆపితే ఏది అన్నది ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

పాలకొల్లు వైర్‌మన్ · 12:04

శభాష్. టేపు చుట్టావా నల్లదానికి?

అంబాజీపేట అబ్బాయి · 12:06

చుట్టాను మాస్టారూ. రెండు చుట్లు. ఈసారి ఫొటో కూడా తీశాను.

రాజోలు సుబ్బు · సాయంత్రం 6:30

ఏమైందండీ అక్కడ? మా ఆవిడ రెండుసార్లు అడిగింది.

అంబాజీపేట అబ్బాయి · రాత్రి 9:40

వాళ్ళు ఇప్పుడే కాకినాడ బయల్దేరారు. నాలుగన్నారు, ఆరింటికొచ్చారు.

అందరూ కూర్చున్నాం. చెల్లి కాఫీ పళ్ళెంతో వస్తోంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు లైటు ఒక్కసారి రెప్పేసింది, అంతే, రంగు మారి పసుపులోకి దిగింది. స్విచ్ ఆపి వేసినట్టు అనుకుంది కాబోలు. హాలంతా దీపం పెట్టినట్టయింది. పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారు "ఈ లైటు ఎంత బాగుందండీ, ఎవరు పెట్టించారు" అని అడిగారు. నాన్నగారు నావైపు చూశారు. నేను సీలింగ్ వైపు చూశాను. కరెంటు వచ్చినప్పుడు మళ్ళీ రెప్పేసి తెల్లగా అయిపోయింది. అందరం ఆసుపత్రికొచ్చాం. మేడమ్, మీ మాట గుర్తొచ్చి నవ్వాగలేదు, నాన్నగారు కాలు తొక్కారు. చెల్లే లేచి స్విచ్ రెండుసార్లు టకటకా నొక్కి సరిచేసి కూర్చుంది. నిన్న పదిసార్లు నొక్కిన చెయ్యి కదా.

కబురు రెండ్రోజుల్లో చెబుతామన్నారు.

లక్ష్మి టీచర్, తణుకు · 9:52

స్విచ్ దగ్గరికి లేచి వెళ్ళిన పిల్లని వద్దంటే వాళ్ళకే నష్టం. ఇన్వర్టరు ఆన్ చేసుకున్నారా పని అయ్యాక? రాత్రికి కరెంటు పోతే అమ్మగారికి ఫ్యాను ఉండొద్దూ.

అంబాజీపేట అబ్బాయి · 9:55

చేశామండీ. ఈసారి చూసి మరీ చేశాను.

పాలకొల్లు వైర్‌మన్ · 10:02

రోజ్ కింద ఉన్న గుండ్రటి చెక్క బ్లాకు పారేశావా? అది టేకు అయి ఉంటుంది. ఇప్పుడు చేసేవాళ్ళు లేరు. నా దగ్గర పాత పింగాణి ఫ్యూజులూ, ఇత్తడి టంబ్లర్ స్విచ్చులూ ఒక పెట్టెడు ఉన్నాయి, దాన్లో వేసుకుంటాను. ఎవరైనా ఇటు వస్తే పంపు.

అంబాజీపేట అబ్బాయి · 10:08

లేదు మాస్టారూ, ఇంకా ఇంట్లోనే ఉంది. కందిరీగ మట్టి కడిగేసి చెల్లి దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకుంటోంది. అడిగి చూస్తాను, ఇస్తుందని నమ్మకం లేదు.